టియోవా పీలుస్తున్నా ఆయాసం తగ్గట్లేదంటే మందు మార్చేముందు ఏం చూసుకోవాలి

మీరు రాసింది ముందు క్లుప్తంగా చెప్తాను, కొత్తగా చదివేవాళ్ళకు విషయం తెలియాలి కదా. నాన్నగారికి 66 ఏళ్ళు. జమ్మికుంట దగ్గర పత్తి జిన్నింగ్ మిల్లులో ఏళ్ళ తరబడి పనిచేశారు. బీడీలు బాగా తాగేవారు, ఇప్పుడు మానేశారు. వరంగల్‌లో ఛాతీ డాక్టరు స్పైరోమెట్రీ (గట్టిగా ఊదించి ఊపిరి కొలిచే పరీక్ష) చేయించి సీఓపీడీ, అంటే ఊపిరి గొట్టాలు ఇరుకైపోయే దీర్ఘకాలపు జబ్బు అని తేల్చి, రోజుకొక టియోవా రోటాక్యాప్ (పొడి పీల్చే క్యాప్సూల్), ఆయాసం వచ్చినప్పుడు ఆస్తాలిన్ పంపు రాశారు. నాన్నగారేమో బాగున్న రోజు టియోవా వదిలేసి, దమ్ము ఎక్కువైన రోజు పీలుస్తున్నారు. "ఇది ఉత్త పిండి, దీంతో ఏం కాదు" అంటున్నారు. ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గర డ్యుయోలిన్ నెబులైజేషన్ (మందును ఆవిరిలా చేసి మాస్కుతో పీల్పించడం) పెట్టించుకుంటేనే హాయిగా ఉందట. ఈ మధ్య మూత్రం ధారగా రావట్లేదు. పంపుకు అలవాటు పడిపోతారని అమ్మగారి భయం. ఇంట్లోకి నెబులైజర్ కొనాలా వద్దా అన్నది మీ ప్రశ్న.

నేను డాక్టర్ని కాను. ఊపిరితిత్తుల పరీక్షలు చేసే ల్యాబ్‌లో చాలా కాలంగా పనిచేస్తున్నాను. స్పైరోమెట్రీ అయ్యాక పేషెంట్లకు ఇన్‌హేలర్ పట్టడం నేర్పేది మేమే. మందు మార్చడం, ఆపడం మీ డాక్టరు పని. నేను చెప్పేదల్లా మందు లోపలికి పోతోందా లేదా అన్న సంగతి. మీ నాన్నగారి విషయంలో అది పోవట్లేదనే నా అనుమానం.

అయితే అన్నిటికంటే ముందు మూత్రం సంగతి. ఇది నెబులైజర్ కంటే తొందరైనది.

టియోవాలో ఉండేది టియోట్రోపియం. డ్యుయోలిన్‌లో రెండు మందులుంటాయి: లెవోసాల్బుటమాల్, ఇప్రాట్రోపియం. ఈ ఇప్రాట్రోపియం, టియోట్రోపియం అన్నదమ్ముల్లాంటివి, ఒకే కుటుంబం. ఊపిరి గొట్టాల చుట్టూ ఉండే కండరాన్ని బిగించమని నరం పంపే సంకేతాన్ని ఇవి అడ్డుకుంటాయి, అందుకే గొట్టం వదులవుతుంది. కానీ మూత్రాశయం గట్టిగా పిండుకోవడానికి కూడా అదే రకం సంకేతం కావాలి. 66 ఏళ్ళ మగవాళ్ళలో చాలామందికి ప్రోస్టేట్ కొంత పెరిగే ఉంటుంది. దాని మీద ఒకే కుటుంబం మందు రెండు దారుల్లో వెళ్తే మూత్రం అడ్డుకోవడం మామూలే. నోరు ఎండిపోవడం, మలబద్ధకం కూడా దీంతోనే వస్తాయి, అవి ఉన్నాయేమో అడగండి. వరంగల్ డాక్టరుకు డ్యుయోలిన్ పెట్టించుకుంటున్న సంగతి తెలిసి ఉండదు. ఇవ్వాళే ఫోన్ చేసి రెండూ కలిసి నడుస్తున్నాయని, మూత్రం ఇబ్బందిగా ఉందని చెప్పండి. ఆయన ఏది ఆపమంటే అది ఆపండి. ఈలోగా మూత్రం పూర్తిగా బందై, పొత్తికడుపు గట్టిపడి నొప్పి పుడితే మాత్రం ఫోన్లు వదిలేసి అప్పటికప్పుడు ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. గొట్టం వేసి తీయాల్సి వస్తుంది.

కళ్ళ గురించి కూడా ఒక మాట. నెబులైజర్ మాస్కు ముక్కు దగ్గర సరిగా అతుక్కోకపోతే ఆవిరి నేరుగా కళ్ళలోకి పోతుంది. క్యాప్సూల్ పట్టుకున్న వేళ్ళతో కళ్ళు నులుముకున్నా మందు అంటుతుంది. లోపలి కోణం ఇరుగ్గా ఉండే రకం గ్లకోమా (కంట్లో ఒత్తిడి పెరిగే జబ్బు) ఉన్నవాళ్ళకు ఇది ప్రమాదం. కన్ను ఎర్రబడి నొప్పెట్టి, లైట్ల చుట్టూ రంగుల వలయాలు కనిపిస్తే ఆలస్యం చేయొద్దు.

ఇక అసలు సమస్యకొద్దాం. టియోవా, ఆస్తాలిన్ రెండూ గొట్టాలు తెరిచేవే అయినా వాటి పని తీరు వేరు. ఆస్తాలిన్ అంటే సాల్బుటమాల్. పీల్చిన అయిదు నిమిషాల్లో పట్టు తెలుస్తుంది, నాలుగు నుంచి ఆరు గంటల్లో దిగిపోతుంది. టియోట్రోపియం మెల్లగా ఎక్కుతుంది, ఒక్కసారి పీలిస్తే 24 గంటలు ఉంటుంది, రోజూ తీసుకుంటేనే వారం రోజులకల్లా పూర్తి ఫలితం కనిపిస్తుంది. దాన్ని ఆయాసం ముంచుకొచ్చినప్పుడు పీలిస్తే ఆ క్షణానికి ఏమీ కాదు. మర్నాడు బాగుందని వదిలేస్తే కూడగట్టుకున్నది పోతుంది. మీ నాన్నగారు సరిగ్గా తలకిందులుగా వాడుతున్నారు. "పనిచేయట్లేదు" అన్న ఆయన మాట ఆయన వాడే తీరును బట్టి నిజమే.

పైగా ఆ క్యాప్సూల్‌లో మందు 18 మైక్రోగ్రాములే. మిగతా కనిపించే పొడి లాక్టోజ్, పాలలో ఉండే చక్కెర. చేదుండదు, గొంతులో మంట ఉండదు. చేదుగా ఉంటేనే మందని నమ్మే పెద్దవాళ్ళకు ఇది పిండిలాగే అనిపిస్తుంది. ఆ మాట నేను చాలామంది నోట విన్నాను.

సీఓపీడీలో కష్టం గాలి పీల్చడంలో కంటే వదలడంలో ఎక్కువ. స్పైరోమెట్రీలో మేం చూసేదీ అదే: మొత్తం వదిలిన గాలిలో మొదటి సెకండులో ఎంత బయటకొచ్చింది అని. గొట్టాలు తెరిచే మందు ఇచ్చాక కూడా ఆ నిష్పత్తి 0.7 కంటే తక్కువుంటేనే ఈ జబ్బు అంటారు. గొట్టాలు ఇరుకైనప్పుడు లోపలి గాలి బయటకు రావడానికి సమయం పడుతుంది. నాలుగడుగులు గబగబా నడిస్తే ఊపిరి వేగం పెరుగుతుంది, లోపలిది పూర్తిగా రాకముందే మళ్ళీ పీల్చాల్సి వస్తుంది. బస్సులోంచి దిగేవాళ్ళు దిగకముందే కిందివాళ్ళు ఎక్కినట్టు, లోపల పాత గాలి పేరుకుపోతుంది. ఛాతీ అప్పటికే నిండి ఉంటుంది, కొత్త గాలికి చోటుండదు. మనిషికి మాత్రం "గాలి అందట్లేదు" అనిపిస్తుంది. టియోట్రోపియం లాంటి మందులు రోజంతా గొట్టాలను కొంచెం తెరిచి ఉంచి ఆ పేరుకోవడాన్ని తగ్గిస్తాయి. అందుకే కూర్చున్నవాడికి పెద్ద తేడా తెలియదు, నడిచేవాడికి తెలుస్తుంది.

ఇప్పుడు రోటాహేలర్, అంటే టియోవా క్యాప్సూల్ వేసి పొడి పీల్చే పరికరం. నాన్నగారిని ఎదురుగా కూర్చోబెట్టి, మీరేమీ చెప్పకుండా, రోజూ ఎలా పీలుస్తారో అలాగే పీల్చమనండి. ఊరికే చూడండి. మా ల్యాబ్‌లో ఇదే చేస్తాం. "సరిగ్గానే పీలుస్తున్నా" అని చెప్పినవాళ్ళలో కూడా ఏదో ఒక చోట జారేవాళ్ళే ఎక్కువ. తరచుగా కనిపించేది ఇలా ఉంటుంది: క్యాప్సూల్ వేసి తిప్పుతారు, నోట్లో పెట్టుకుంటారు, పెట్టుకున్నాక "హూఁ" అని ఒకసారి లోపలికే ఊదుతారు. పొడి కాస్తా ఎదురు కొట్టి, తెల్లగా కింది పెదవి మీదా మీసం మీదా పడుతుంది. ఊపిరి తేమకు మిగతాది గోడలకు అతుక్కుంటుంది. తర్వాత ఎంత గట్టిగా పీల్చినా వచ్చేది గాలే.

సరైన పద్ధతి చెప్తాను. క్యాప్సూల్‌ను పొడి చేత్తో, వాడే ముందే డబ్బాలోంచి తీయాలి. రోటాహేలర్ పైన ఉన్న నాలుగు పలకల రంధ్రంలో పారదర్శకంగా ఉన్న వైపు ముందు లోపలికి పోయేలా నిటారుగా పెట్టి, క్యాప్సూల్ పైభాగం రంధ్రం అంచుకు సమంగా వచ్చేదాకా నొక్కాలి. ఒక చేత్తో మూతి భాగం పట్టుకుని, రెండో చేత్తో కింది భాగం చివరిదాకా తిప్పితే క్యాప్సూల్ రెండుగా విడిపోతుంది. ఇప్పుడు పరికరాన్ని నోటికి దూరంగా పెట్టి ఊపిరి మొత్తం బయటకు వదలాలి. ఆ తర్వాతే మూతిని పళ్ళ మధ్య పెట్టుకుని, పెదాలు గట్టిగా మూసి, నోటితో ఒక్క ఊపున బలంగా, లోతుగా పీల్చాలి. తీసేసి పది సెకన్లు, అంత కష్టమైతే వీలైనంత సేపు ఊపిరి బిగబట్టాలి. విప్పి చూసి పొడి మిగిలి ఉంటే మళ్ళీ పీల్చాలి. వారానికోసారి నీళ్ళతో కడిగి, పూర్తిగా ఆరాకే వాడాలి. చివరిలో నోరు పుక్కిలిస్తే నోరెండడం కాస్త నయంగా ఉంటుంది. స్టెరాయిడ్ కలిసిన ఇన్‌హేలర్లకైతే పుక్కిలించి ఉమ్మేయడం తప్పనిసరి, లేకపోతే నోట్లో తెల్లటి పూత వస్తుంది.

ఇది చదివి నవ్వకండి, కొంతమంది ఆ క్యాప్సూల్‌ను నీళ్ళతో మింగేస్తారు. మన దగ్గరే కాదు. 2008లో అమెరికాలో ఎఫ్‌డీఏ సంస్థ ఈ పీల్చే క్యాప్సూళ్ళను మింగొద్దని ప్రత్యేకంగా హెచ్చరిక జారీ చేయాల్సి వచ్చింది. క్యాప్సూల్ అంటే మింగేదే అని అందరికీ అలవాటు మరి. మీ ఇంట్లో అలా జరగట్లేదని నిర్ధారించుకోండి.

పొడి మందుకు పీల్చే బలం కావాలి. పొడిని చెదరగొట్టి లోపలికి తీసుకెళ్ళేది పేషెంటు ఊపిరే, పరికరంలో ఇంకే శక్తీ లేదు. బాగా నీరసించినవాళ్ళకు, జబ్బు ముదిరినవాళ్ళకు అంత ఊపు రాదు. నాన్నగారు పద్ధతి అంతా సరిగ్గా పాటించినా రెండు మూడు సార్లకు కూడా పొడి మిగిలిపోతోందంటే డాక్టరుకు ఆ మాటే చెప్పండి. టియోట్రోపియం పంపు రూపంలో కూడా వస్తుంది, దాన్ని స్పేసర్‌తో (పంపుకు తగిలించే ప్లాస్టిక్ డబ్బా, మందు ముందు అందులో నిలుస్తుంది) తీసుకోవచ్చు. అక్కడ మార్చాల్సింది పరికరాన్ని, మందు అదే.

పంపుకు మాత్రం పద్ధతి పూర్తిగా ఎదురు, ఇక్కడే ఇళ్ళలో గందరగోళం. రోటాహేలర్‌కు గట్టిగా, వేగంగా. పంపుకు నెమ్మదిగా. ఆస్తాలిన్‌ను బాగా కుదిపి, ఊపిరి వదిలి, మెల్లగా పీల్చడం మొదలుపెట్టి అప్పుడు నొక్కాలి, నొక్కాక కూడా మూడు నుంచి అయిదు సెకన్లు పీలుస్తూనే ఉండాలి, ఆపైన పది సెకన్లు బిగబట్టాలి. ఆ చేయీ ఊపిరీ కలవడం చాలామంది పెద్దవాళ్ళకు కుదరదు. నొక్కేది ముందవుతుంది, పీల్చేది తర్వాతవుతుంది, మందంతా నాలుక మీద. అందుకే స్పేసర్ కొనండి. ఒకసారి ఒక్క పఫ్ మాత్రమే నొక్కి, వెంటనే మెల్లగా పీల్చాలి. రెండో పఫ్ కావాలంటే అర నిమిషం, నిమిషం ఆగి, మళ్ళీ కుదిపి. స్పేసర్‌ను సబ్బు నీళ్ళలో కడిగి గుడ్డతో తుడవకుండా గాలికి ఆరనివ్వండి. తుడిస్తే ప్లాస్టిక్‌లో స్థిర విద్యుత్తు పుట్టి మందును గోడలకు లాక్కుంటుంది. పంపులో మందుందో లేదో తెలుసుకోవడానికి నీళ్ళలో వేసి తేలుతుందా అని చూసే పాత చిట్కా నమ్మొద్దు, డోసులు చూపించే అంకె ఉంటే అదే నమ్మండి.

ఆస్తాలిన్‌ను ఆయాసం వచ్చాకే కాకుండా, వస్తుందని తెలిసిన పనికి ముందు కూడా వాడొచ్చేమో డాక్టరును అడగండి. సీఓపీడీ ఉన్నవాళ్ళను బాగా అలసగొట్టేది స్నానం. చేతులు పైకెత్తి తల రుద్దుకోవడం, వంగి కాళ్ళు కడుక్కోవడం, రెండింటికీ దమ్ము అందదు. పది పదిహేను నిమిషాల ముందు పంపు తీసుకుని, స్టూలు మీద కూర్చుని స్నానం చేస్తే చాలామందికి తేడా కనిపిస్తుంది. ఊపిరి వదిలేటప్పుడు పెదాలు సున్నాలా చుట్టి, పీల్చిన దానికి రెట్టింపు సేపు మెల్లగా వదలమనండి. పైసా ఖర్చు లేని ఈ చిట్కాకు చిన్నచూపు ఎక్కువ, ఫలితం మాత్రం బాగుంటుంది.

అమ్మగారి భయం గురించి. ఈ మందులకు మత్తుమందుల్లా బానిసలవడం ఉండదు. మానేస్తే ఆయాసం తిరిగి వస్తుంది, ఎందుకంటే జబ్బు అక్కడే ఉంది. బీపీ బిళ్ళ మానేస్తే బీపీ పెరగడాన్ని ఎవరూ అలవాటు అనరు. ఒక్క జాగ్రత్త: ఆస్తాలిన్ అవసరం రోజురోజుకూ పెరుగుతోందంటే అది జబ్బు అదుపు తప్పుతోందని గుర్తు. చేతులు వణకడం, గుండె దడ ఆస్తాలిన్‌తో కొంత సహజమే, కానీ గంటగంటకూ కొడుతున్నారంటే ఆసుపత్రికి వెళ్ళే సమయం.

ఇంకో సంగతి అమ్మగారికి నచ్చవచ్చు. టియోట్రోపియం కుటుంబం మూలం మన పొలం గట్లమీది ఉమ్మెత్తలోనే ఉంది. ఉబ్బసానికి ఉమ్మెత్త పొగ పట్టడం మన దగ్గర పాత వైద్యం. 1802 ప్రాంతంలో ఆ పద్ధతి మద్రాసు నుంచి బ్రిటన్‌కు చేరి, ఆ తర్వాత అక్కడ ఉబ్బసానికి ఉమ్మెత్త సిగరెట్లు కూడా అమ్మారు. అందులోని అట్రోపిన్ రక్తంలోకీ మెదడులోకీ పోయి మతి చెడగొట్టేది, ప్రాణాలు తీసేది. ఇప్పటి మందుల అణువును మార్చి, ఊపిరితిత్తుల నుంచి రక్తంలోకి కొద్దిగానే, మెదడులోకి దాదాపు పోకుండా చేశారు. అంటే ఎవరైనా ఉమ్మెత్త ఆకు పొగ పట్టమంటే దండం పెట్టి పంపేయండి.

గుణం ఎలా కొలవాలి? ఊపిరితిత్తులు మళ్ళీ కొత్తవవుతాయని ఆశ పెట్టుకోవద్దు, దెబ్బతిన్నది దెబ్బతిన్నట్టే ఉంటుంది. 2008లో వచ్చిన అప్‌లిఫ్ట్ అధ్యయనంలో దాదాపు 6,000 మందిని నాలుగేళ్ళు చూశారు. టియోట్రోపియం ఊపిరి సామర్థ్యం ఏటేటా తగ్గే వేగాన్ని ఆపలేకపోయింది, కానీ వాడినన్నాళ్ళూ ఊపిరి మెరుగ్గా ఉంది, జబ్బు ఒక్కసారిగా తిరగబెట్టడం తగ్గింది. కాబట్టి స్పైరోమెట్రీ అంకెల కోసం చూడకండి. బాత్రూమ్ నుంచి మంచం దాకా ఆగకుండా వచ్చారా, కూరగాయల బండి దాకా నడిచారా, రాత్రి ఎన్నిసార్లు లేచి కూర్చున్నారు, ఇవి రాసుకోండి. రోజూ ఒకే వేళకు, పళ్ళు తోముకున్న వెంటనే అనుకుంటే మరచిపోరు, సరైన పద్ధతిలో ఒక నెల వాడాక వీటిని చూడండి. అప్పటికీ తేడా లేకపోతే ఇంకో రకం దీర్ఘకాలపు మందు జత చేయడమో మరొకటో డాక్టరు చేతిలో ఉన్నాయి. ఆ నెల సరిగ్గా వాడకుండా మందు పెంచుకుంటూ పోతే ఖర్చు పెరుగుతుంది, ఫలితం అక్కడే ఉంటుంది.

చలికాలం పొద్దున వేడినీళ్ళ కోసం కట్టెల పొయ్యి వెలిగిస్తే దాని పక్కన చలి కాచుకోవడం ఆయనకు ఇష్టమని రాశారు. అది మానిపించాలి. పడుకునే గదిలో దోమల కాయిల్ కూడా. పత్తి దుమ్ము, బీడీ ఎటూ పోయాయి, మిగిలిన పొగ ఇదే. ఏటా ఫ్లూ టీకా, న్యుమోకాకల్ టీకా గురించి అడగండి.

ఆర్‌ఎంపీ దగ్గర నెబులైజేషన్‌తో పాటు "ఆయాసం సూది" కూడా వేస్తున్నారా? సాధారణంగా డెరిఫిలిన్, డెక్సామెథాసోన్ కలిపి ఇస్తుంటారు. అప్పటికప్పుడు సుఖంగా ఉంటుంది. స్టెరాయిడ్ పదేపదే పడితే షుగరు పెరుగుతుంది, ఎముకలు గుల్లవుతాయి. డెరిఫిలిన్‌లోని థియోఫిలిన్‌కు మేలు చేసే మోతాదుకు, విషమయ్యే మోతాదుకు మధ్య దూరం చాలా తక్కువ. సిప్రోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్ జతపడితే రక్తంలో దాని మోతాదు ఇంకా పెరుగుతుంది, వాంతులు, గుండె దడ, ఫిట్స్ దాకా పోవచ్చు. ఏ సూది వేశారో రాయించుకుని డాక్టరుకు చూపించండి.

ఇన్ని చెప్పాక నెబులైజర్. ఆవిరి కాబట్టి ఎక్కువ మందు పోతుందనుకుంటారు, కానీ సరిగ్గా వాడితే పంపు, స్పేసర్ దానికేమీ తీసిపోవు. నెబులైజర్‌లో పేషెంటుకు ఏ నేర్పూ అక్కర్లేదు, మామూలుగా ఊపిరి తీస్తే చాలు, అందుకే అది "పనిచేస్తుంది". రోటాహేలర్ తప్పుగా పడుతున్న మనిషికి రెండింటికీ తేడా అక్కడే. చేతులు వణికి ఏ పరికరమూ పట్టలేనివాళ్ళకు, పీల్చే బలం లేనివాళ్ళకు, తరచూ తిరగబెట్టేవాళ్ళకు ఇంట్లో నెబులైజర్ ఉండాల్సిందే. మీ నాన్నగారు ఆ కోవలో ఉన్నారో లేదో ఇప్పుడే చెప్పలేం, ఎందుకంటే ఆయన టియోవాను ఇంకా సరిగ్గా వాడి చూడనే లేదు. కాబట్టి ఇప్పుడే కొనకండి. ముందు స్పేసర్ కొనండి, దాని ధర నెబులైజర్‌తో పోలిస్తే ఏపాటిది కాదు. రేపు డాక్టరు నెబులైజర్ కొనమంటే, అందులో ఏ మందు, టియోవాతో కలిపి వేయొచ్చా అన్నది చీటీ మీద రాయించుకోండి. మందు కప్పు, మాస్కు వాడిన ప్రతిసారీ కడిగి ఆరబెట్టాలి.

కఫం రంగు పసుపుకో పచ్చకో మారి, పరిమాణం పెరిగి, ఆయాసం మామూలుకంటే ఎక్కువైతే ఒకటి రెండు రోజుల్లో డాక్టరుకు చూపించాలి. ఒక వాక్యం పూర్తిగా మాట్లాడలేకపోవడం, పెదాలు నీలం, మగతగా తికమకగా ఉండటం, వేలికి పెట్టే ఆక్సీమీటర్‌లో 88 కంటే తక్కువ, వీటిలో ఏదైనా కనిపిస్తే 108కి ఫోన్ చేయండి. దారిలో స్పేసర్‌తో ఆస్తాలిన్ ఇవ్వొచ్చు. అంబులెన్సులో సీఓపీడీ అని చెప్పడం మరచిపోవద్దు. ఈ జబ్బులో ఆక్సిజన్ 88 నుంచి 92 మధ్య నిలిచేలా ఇస్తారు. 99కి తీసుకెళ్ళాలని ఎక్కువ ఆక్సిజన్ పెడితే కొందరిలో రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరిగి మగత ముదురుతుంది.

వరంగల్ వెళ్ళేటప్పుడు రోటాహేలర్, ఆస్తాలిన్, ఆర్‌ఎంపీ ఇచ్చిన చీటీలు, ఆయన ఈ వారం వాడేసిన క్యాప్సూళ్ళు ఒక కవర్లో వేసుకుని తీసుకెళ్ళండి. ఖాళీ క్యాప్సూళ్ళలో పొడి ఎంత మిగిలిందో చూస్తే ల్యాబ్‌లోవాళ్ళకు సగం విషయం అక్కడే తెలిసిపోతుంది. ఆయన చేత వాళ్ళ ముందే ఒకసారి పీల్పించి చూడమని మీరే అడగండి, రద్దీలో వాళ్ళంతట వాళ్ళు అడగకపోవచ్చు.